మదురై చేరిన రోమాపురి సన్న్యాసి

కాషాయాంబరం, పాదాలకు పావుకోళ్ళు, ఒక చేత దండం, మరొక చేత కమండలువు. రోజుకు ఒక్క పూట ఆహారం. అదీ అన్నం, కూరలు, పాలు, పండ్లు మాత్రమే. మాంసం ముట్టరు, మద్యం తాకరు. స్నానం చేయనిదే పూజకు కూర్చోరు. వంటకు బ్రాహ్మణుని నియమించుకున్నారు. దర్శనార్థం వచ్చినవారికి స్వామివారు ధ్యానంలో ఉన్నారని, కొంతసేపు ఆగవలసిందని శిష్యుడు వినయంగా విన్నవిస్తాడు. 17వ శతాబ్ది తొలి దశకంలో మదురై పట్టణాన మట్టిగోడల కుటీరంలో ఈ విధంగా జీవించిన యతి మన దేశస్థుడు కాడు, మన మతస్థుడూ కాడు. ఇటలీ దేశపు ప్రభువంశంలో పుట్టి, క్రీస్తు బోధను మన ప్రజలకు చెప్పాలన్న దీక్షతో సముద్రాలు దాటి వచ్చిన జెస్యూట్ సభ గురువు. పేరు రాబర్టో డి నోబిలి. తమిళ దేశం ఆయనను తత్త్వబోధక స్వామిగా ఎరుగును.

తన మతాన్ని పరులకు చెప్పదలచినవాడు ఎట్లా చెప్పాలి? ఆ మాట వినేవారి వేషభాషలను తాను ధరించవచ్చునా? ధరిస్తే అది గౌరవమా, మారువేషమా? ఈ ప్రశ్నలు నాలుగు శతాబ్దాలుగా ఆయన పేరును అంటిపెట్టుకుని ఉన్నాయి. హిందూ గృహస్థుకు ఆయన కథ ఒకచోట ఆనందం కలిగిస్తుంది, మరొకచోట ముల్లులా గుచ్చుకుంటుంది. రెండింటినీ దాచకుండా చెప్పుకోవడమే న్యాయం.

నోబిలి 1577 సెప్టెంబరులో రోమ్ నగరంలో జన్మించారు. వారిది మోంటెపుల్చానో పట్టణానికి చెందిన సంపన్న వంశం. పోపు పీఠాన్ని అధిష్ఠించిన మూడవ జూలియస్ వారి బంధువర్గంలోని వాడే. కాథలిక్ లోకంలో మహాపండితునిగా కీర్తికెక్కిన కార్డినల్ రాబర్ట్ బెల్లార్మిన్ కూడా దగ్గరి చుట్టమే. 1616లో గెలీలియోను పిలిపించి, సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుందన్న వాదాన్ని విడనాడమని హెచ్చరించినది ఈ బెల్లార్మినే. అటువంటి ఇంట పుట్టిన పెద్దకొడుకు ఆస్తిని, అధికారాన్ని నిలబెట్టాలని కుటుంబం ఆశించడం సహజం. కాని యువకుడైన నోబిలి మనసు వేరొక దారి పట్టింది. అయినవారి అభీష్టాన్ని కాదని నేపుల్స్ చేరి, 1597లో జెస్యూట్ సభలో ప్రవేశించారు. 1603లో గురుపట్టం పొందారు. మరుసటి ఏడు లిస్బన్‌లో ఓడ ఎక్కి, 1605 మే 20న గోవా తీరం చేరారు. కొచ్చిన్‌లోను, ముత్యాల తీరంలోను కొంతకాలం గడిపి 1606 నవంబరులో మదురైలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 29 ఏళ్ళు.

ఆనాటి మదురై మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా వెళ్ళి, కాలక్రమాన స్వతంత్రులైన నాయక రాజులు అక్కడ ఏలుతున్నారు. వారి ఇంటి భాష తెలుగు, కొలువు భాష తెలుగు. పొరుగున తంజావూరులో రఘునాథ నాయకుని ఆస్థానంలో చేమకూర వేంకటకవి విజయవిలాసం వెలసిన కాలమది. మీనాక్షీ సుందరేశ్వరుల ఆలయం చుట్టూ అల్లుకున్న ఆ పట్టణం గొప్ప విద్యాకేంద్రం కూడా. 1610లో నోబిలి తన పెద్దలకు రాసిన లేఖలో అక్కడ పదివేలకు పైగా విద్యార్థులు వేర్వేరు ఆచార్యుల వద్ద చదువుకుంటున్నారని తెలిపారు. వారి పోషణకు నాయక రాజులు ఏర్పరచిన భూవసతులను గురించీ వివరించారు. పరదేశి ఒకడు ఆశ్చర్యంతో గమనించి రాయబట్టి ఆ వైభవం ఈనాడు మనకు తెలుస్తున్నది.

ఆయన రాకకు ముందే మదురైలో ఒక క్రైస్తవ గురువు ఉన్నారు. గొన్సాలో ఫెర్నాండెజ్ అనే ఆ పోర్చుగీసు వృద్ధుడు పూర్వాశ్రమంలో సైనికుడు. 1595 నుంచి అక్కడే ఉండి, వర్తకానికి వచ్చే పరవ కులపు క్రైస్తవుల బాగోగులు చూస్తూ, ఒక బడిని, ఒక వైద్యశాలను నడుపుతున్నారు. సేవకు లోటు లేదు. అయినా 11 ఏళ్ళలో మదురై వాసి ఒక్కడు కూడా ఆయన బోధను స్వీకరించలేదు. కారణమేమిటో కొత్తగా వచ్చిన యువకుడు కొద్ది నెలలలోనే గ్రహించారు. ప్రజలు పోర్చుగీసువారిని పరంగులు అనేవారు. గోమాంసం తినేవారు, మద్యం సేవించేవారు, నిత్యస్నానం ఎరుగనివారు, తోలు చెప్పులతో ఎక్కడికైనా వచ్చేవారు అన్నది ఆ మాటలో ఇమిడి ఉన్న అర్థం. విచిత్రమేమంటే, జ్ఞానస్నానం ఇచ్చేటప్పుడు పరంగి కులంలో చేరుతావా అని అడిగే పద్ధతి క్రైస్తవులలోనే ఉండేది. అంటే మతంలో చేరడం ఒక విదేశీ కులంలో కలవడమే అని బోధకులే ఒప్పుకున్నట్లయింది! ఆచారవంతుడైన గృహస్థు ఆ ప్రశ్నకు అవునని ఎట్లా అనగలడు?

నోబిలి తన పై అధికారుల అనుమతి పొంది ఆ ఇల్లు విడిచారు. నల్లని అంగీ తీసివేసి కావి కట్టారు. పట్టణంలో వేరే కుటీరం నిర్మించుకున్నారు. శిలువ కట్టిన యజ్ఞోపవీతాన్ని కూడా కొంతకాలం ధరించారు. తాను పరంగిని కానని, పరంగుల దేశంలో పుట్టలేదని, రోమాపురిలోని ఉన్నత వంశంలో జన్మించి సన్న్యసించిన వాడినని తాటాకుపై రాయించి ప్రకటించారు. రాత్రివేళ ఎవరి కంటా పడకుండా వెళ్ళి ఫెర్నాండెజ్‌ను కలుసుకునేవారు.

వేషం మార్చడం ఎవరైనా చేయగలరు. నోబిలి అంతటితో ఆగలేదు. తమిళం నేర్చారు, కొలువు భాష గనుక తెలుగూ నేర్చారు. ఇక సంస్కృతం మిగిలింది. దానికి ఆయనకు దొరికిన గురువు శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుడు. ద్విజుడు కానివానికి వేదం వినిపించడం ఘోరమైన తప్పుగా ఎంచే రోజులవి. ఆ పండితుడు ఆ సాహసానికి ఒడిగట్టి శాస్త్రాలతో పాటు శ్రుతి భాగాలను కూడా తెలియజెప్పారు. కాలక్రమాన ఆయనే నోబిలి బోధకు లోబడి 1609లో జ్ఞానస్నానం పొందారు. నోబిలి తరువాత లాటిన్‌లో రాసిన గ్రంథాలలో తైత్తిరీయోపనిషత్తు, ఆపస్తంబ సూత్రం, మనుధర్మశాస్త్రం ప్రమాణాలుగా కనబడతాయి. తెలుగు వైదికులలో అధికులు కృష్ణయజుర్వేదులు, ఆపస్తంబ సూత్రులు. కనుక ఈ ఎంపికలో గురువు చేతి గుర్తు ఉండవచ్చునని మనం ఊహించుకోవచ్చు. ఏది ఏమైనా సంస్కృతాన్ని శ్రద్ధగా అభ్యసించిన తొలి యూరోపియనులలో నోబిలి ఒకరు. రెండున్నర శతాబ్దాల తరువాత మాక్స్ ముల్లర్ ఆయనను ప్రత్యేకంగా స్మరించారు.

కుటీరానికి పండితులు రాసాగారు. ఆయన తొలి శిష్యుడు ఒక బడిపంతులు. ఆ పంతులుతో చర్చ దాదాపు 20 రోజులు సాగింది. సృష్టికర్త ఒక్కడేనా, జీవులు ఎన్ని, దుఃఖానికి హేతువేది వంటి ప్రశ్నలను తర్కశాస్త్ర మర్యాదతో ఒక్కొక్కటిగా విడదీసి మాట్లాడుకునేవారు. బెదిరింపు లేదు, ధనాశ లేదు, అధికారుల ఒత్తిడి లేదు. ఈ తీరును మన శాస్త్రాలు వాదమంటాయి. జల్ప వితండాలకు భిన్నమైన, సత్యాన్వేషణ కోసం జరిగే సంభాషణ అది. గోవాలో పోర్చుగీసు అధికారం ఆలయాలను కూలగొట్టి, ఇన్‌క్విజిషన్ పేర ప్రజలను హింసించిన కాలంలోనే, అదే మతానికి చెందిన ఒక గురువు మదురైలో చాపమీద కూర్చుని వాదించి ఒప్పించాలని చూశాడన్నది గమనార్హం.

బోధకు కావలసిన పదాలను ఆయన మన శాస్త్రాల నుంచే ఎన్నుకున్నారు. దేవునికి సర్వేశ్వరుడన్నారు. దైవానుగ్రహానికి ప్రసాదమన్న మాట వాడారు. గ్రంథాలకు జ్ఞానోపదేశం, ఆత్మనిర్ణయం అని పేర్లు పెట్టారు. తమిళ వచన రచనకు తొలినాళ్ళలో దారి వేసినవారిలో ఆయనను లెక్కిస్తారు.

అయితే పాత్ర మనదైనా అందులోని తీర్థం మనది కాదు. ఈ సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. నోబిలి అన్ని మతాలూ ఒక్కటే అన్న సమన్వయవాది కాదు. పునర్జన్మను ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. విగ్రహారాధనను, అవతార కథలను తీవ్రంగా విమర్శించారు. మోక్షమార్గాన్ని చెప్పే ఒక వేదం లుప్తమైపోయిందని, దానిని తాను తెచ్చానని బోధించారు. అథర్వవేదం నిలిచి ఉన్న దేశంలో ఈ మాట పండితులకు ఎట్లా వినిపించి ఉంటుందో చెప్పనక్కరలేదు.

పరంగిని కానన్న ప్రకటన సంగతి కూడా ఆలోచింపదగినదే. పరంగి అంటే పోర్చుగీసువాడని అర్థం తీసుకుంటే ఆయన పలికినది అక్షరాలా నిజం. ఆయన ఇటలీవాడు. కాని మదురై ప్రజల నోట ఆ మాటకు క్రైస్తవుడన్న అర్థం కూడా ఉండేది. పగటివేళ ఎడంగా మసలుతూ రాత్రివేళ ఫెర్నాండెజ్ ఇంటికి వెళ్ళే మనిషి ఆ సంగతి ఎరుగడా? కురుక్షేత్రంలో ధర్మరాజు పలికిన అర్ధసత్యాన్ని మనం తరతరాలుగా తర్కించుకుంటూనే ఉన్నాం. ఆ తక్కెడలోనే దీనినీ తూచవలసి ఉంటుంది. ఆయన పక్షాన చెప్పదగినది ఒకటి ఉన్నది. ఆయనకు ఆ వేషం ఒక పూట ధరించి తీసివేసేది కాలేదు. నియమాలన్నింటినీ ఒంటికి పట్టించుకుని, దశాబ్దాల పాటు ఒంటిపూట భోజనంతోనే గడిపారు. నటన అంతకాలం నిలవదు.

ఆశ్చర్యకరంగా, ఆయనకు గట్టి ఎదురుదెబ్బ హిందువుల నుంచి గాక స్వమతస్థుల నుంచే తగిలింది. ఫెర్నాండెజ్ 1610లో పెద్దలకు ఫిర్యాదు రాశారు. నోబిలి క్రైస్తవులను రెండు సభలుగా విడగొడుతున్నాడని, జందెం, పిలక, చందనం వంటి అన్యమత చిహ్నాలను క్రైస్తవులకు అనుమతిస్తున్నాడని ఆయన అభియోగం. వార్త రోమ్ చేరేసరికి నోబిలి హిందువుగా మారిపోయాడన్నంతగా పెరిగింది. ఆ మాట విని వృద్ధ బెల్లార్మిన్ మనస్తాపం చెంది మందలిస్తూ ఉత్తరం రాశారు. వివరణ అందిన తరువాత శాంతించి అండగా నిలిచారు. నోబిలి ఊరుకోలేదు. శిఖాయజ్ఞోపవీతాలు వంశ మర్యాదకు గుర్తులే గాని మతానికి గుర్తులు కావని నిరూపించడానికి మన ధర్మశాస్త్రాలను ఉదాహరిస్తూ గ్రంథాలు రాశారు. 1619లో గోవాలో విచారణ సభ జరిగింది. అక్కడ అధికసంఖ్యాకులు ఆయనకు వ్యతిరేకులే. క్రాంగనూరు ఆర్చిబిషప్ ఫ్రాన్సిస్కో రోస్ మాత్రం ఆయన పక్షాన దృఢంగా నిలిచారు. వ్యవహారం రోమ్‌కు వెళ్ళింది. ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్ పీటర్ లాంబార్డ్ ఆధ్వర్యంలో పండితులు పరిశీలించారు. 1623 జనవరి 31న పోపు పదిహేనవ గ్రెగరీ తీర్పు వెలువరించారు. ఆలయ సంబంధమైన మంత్రక్రియలు లేకుండా ఉంటే జందెం, పిలక, చందనం, స్నానం నిలుపుకోవచ్చునన్నది దాని సారాంశం. పుష్కరకాలానికి పైగా నలిగిన వ్యాజ్యం అట్లా ముగిసింది.

ఆ తీర్పులోనే మరొక విన్నపం ఉన్నది. ఉన్నత కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు కుల గర్వాన్ని విడిచి, దిగువ కులాలవారిని హీనంగా చూడరాదని పోపు వేడుకున్నారు. నోబిలి జీవితంలో అన్నిటికంటె బరువైన ప్రశ్న ఇక్కడే ఉన్నది. కులం లౌకిక వ్యవస్థ, మతంతో దానికి సంబంధం లేదన్నది ఆయన సిద్ధాంతం. అందువల్ల బ్రాహ్మణ సన్న్యాసి నియమాన్ని చెడగొట్టుకోకుండా ఉండడానికి, అంటరానివారుగా ఎంచబడిన క్రైస్తవుల నుంచి బహిరంగంగా దూరం పాటించారు. వారి కోసం 1640లో వేరే ఏర్పాటు జరిగింది. శైవ పండారాల తీరులో జీవించే పండారస్వాములు అన్న గురువులు బయలుదేరారు. వారిలో ప్రథముడు బల్తజార్ డ కోస్టా. పండారస్వామి అన్ని కులాల ఇళ్ళకూ వెళ్ళగలడు. అనతికాలంలోనే వారి బోధను స్వీకరించినవారు అత్యధికులయ్యారు. కుటీరంలో శాస్త్రచర్చల ద్వారా చేరినవారు కొద్దిమందిగానే మిగిలారు. ఒకే దేవుని పిల్లలమని చెప్పే మతం రెండు ద్వారాలు తెరవవలసి రావడం ఆ పద్ధతికి తగిలిన దెబ్బ. మన భక్తి సంప్రదాయంలోని తిరుప్పాణాళ్వారు, నందనారు కథలు గుర్తుకు వస్తాయి. గుడి గడప దగ్గర నిలిచిపోయిన భక్తుల వేదన మనకు తెలియనిది కాదు గనుక, ఈ విషయంలో నోబిలిని మాత్రమే వేలెత్తి చూపే అర్హత మనకూ లేదు.

1623 తరువాత ఆయన మదురై దాటి తిరుచిరాపల్లి, సేలం ప్రాంతాలలో సంచరించారు. తిరుమల నాయకుని పాలన ఆ ఏడే ఆరంభమైంది. 1640లో మదురైలో ఆయనను చెరలో ఉంచారు. పిమ్మట విడుదల చేశారు. శరీరం అప్పటికే సడలింది. చూపు మందగించింది. సభాధిపతుల ఆజ్ఞమేరకు మదురై విడిచి యాళ్పాణం వెళ్ళారు. అక్కడి నుంచి మైలాపూరు వచ్చి ఒక గుడిసెలో స్థిరపడ్డారు. కొద్దిమంది శిష్యులు వెంట ఉన్నారు. ముసలితనంలోనూ ఆహార నియమం సడలించుకోలేదు. కళ్ళు కనిపించని స్థితిలో తన గ్రంథాలను చెబుతూ ఇతరుల చేత రాయించి సవరించుకునేవారు. 1656 జనవరి 16న, 78వ ఏట, అక్కడే కన్నుమూశారు. పుట్టిన దేశాన్ని మళ్ళీ చూడలేదు.

ఆయన పద్ధతి మన తెలుగునేలకూ వచ్చింది. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి జెస్యూట్‌లు కర్ణాటక మిషన్ పేర పుంగనూరు మొదలైన చోట్ల సన్న్యాసి వేషంతో, శాకాహార నియమంతో బోధ సాగించారు. ఆ పరంపరలోని కెర్దూ అనే గురువు తెలుగు నేర్చి నిఘంటువు కూర్చారు. సంస్కృతానికి, గ్రీకు, లాటిన్ భాషలకు ఉన్న బంధుత్వాన్ని 1767 నాటికే గుర్తించి ఫ్రాన్సు పండితులకు తెలియజేశారు. కాని రోమ్‌లో వివాదం మళ్ళీ తలెత్తింది. 1704లో పోపు ప్రతినిధి టూర్నాన్ పుదుచ్చేరిలో వెలువరించిన శాసనం అనేక ఆచారాలను నిషేధించింది. మరణశయ్యపై ఉన్న దళితుని గుడిసెలోకి గురువు వెళ్ళకపోవడాన్ని అది ప్రత్యేకంగా తప్పుపట్టింది. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్ట్ ఆ నిషేధాలను స్థిరపరచారు. వాటిని పాటిస్తామని గురువులు చేయవలసిన ప్రమాణం 1940లో గాని రద్దు కాలేదు.

మరణానంతరం ఆయనకు ఒక అపవాదు కూడా అంటింది. ఎజుర్వేదం పేర ఫ్రెంచి భాషలో ఒక గ్రంథం 1778లో అచ్చయింది. ప్రాచీన వేదమేనని నమ్మి వోల్టేర్ వంటివాడు దానిని ఫ్రాన్సు రాజు గ్రంథాలయానికి సమర్పించాడు. తీరా అది క్రైస్తవ బోధకులు వేదం పేరుతో కల్పించినదని తేలింది. 1822లో ప్రచురితమైన వ్యాసంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర ఆ కల్పనను బయటపెడుతూ దాని మూలాన్ని నోబిలికి ముడిపెట్టారు. ద్రావిడ భాషల సోదరభావాన్ని తెలుగు వ్యాకరణ పీఠికలో 1816లోనే నిరూపించిన ఎల్లిసే ఈయన. నేటి పరిశోధకులు మాత్రం ఆ రచన నోబిలిది కాదని, ఆయన గతించిన చాలా కాలానికి 18వ శతాబ్దంలో ఫ్రెంచి గురువులు రాసినదని నిర్ణయించారు. జ్ఞానస్నానం, పూజ, గురువు, వరప్రసాదం అన్న మాటలు మాత్రం తెలుగు కాథలిక్కుల ఇళ్ళలో ఈనాటికీ నిత్యం వినబడుతున్నాయి.